సంపాదించే చేతులు ఆగిపోయినప్పుడు



మా సంఘములో ఒక తాపీమేస్త్రీ సోదరుడున్నాడు. భార్య, ఇద్దరు పిల్లలు, వృద్ధురాలైన తల్లి. రోజుకు 800 రూపాయల కూలి, నెలకు ఇరవై రెండు రోజులు పని. అప్పు తక్కువ, తాగుడు లేదు, ఆరాధన మానడు. అలాంటి సోదరుడు ఒక శనివారము మధ్యాహ్నము, తన బంధువు ఇంటికి గోడ పూత పని చేస్తూ, కట్టిన కర్రలు విరిగి మొదటి అంతస్తు ఎత్తు నుండి క్రింద పడ్డాడు. తొడ ఎముక రెండుచోట్ల విరిగింది.

ఆసుపత్రిలో ఆపరేషను ప్రభుత్వ పథకము క్రింద జరిగింది. అక్కడ ఒక్క రూపాయి ఇవ్వవలసిన అవసరము రాలేదు. దేవునికి స్తోత్రము చెల్లించి ఇంటికి తీసుకొని వచ్చాము. ఆరు నెలలు ఆ కాలు మీద బరువు మోపకూడదని డాక్టరు గారు చెప్పారు. కష్టము తీరినదని మేమనుకొన్నాము. నిజానికి ఆ రోజే కష్టము మొదలైనది.

మొదటి నెల దాచుకొన్న డబ్బుతో గడిచింది. రెండవ, మూడవ నెలలు సంఘములోని స్త్రీలు కూడబెట్టిన పిడికెడు బియ్యముతోను, విశ్వాసుల కానుకలతోను గడిచాయి. నాలుగవ నెలలో పాడిగేదెను అమ్మారు. ఐదవ నెలలో డ్వాక్రా అప్పు వాయిదా తప్పింది. ఇంటర్ చదువుతున్న పెద్ద కుమార్తె కాలేజీ మాని బట్టల దుకాణములో పనికి వెళ్తానన్నది.

ఒక సాయంకాలము ఆ సోదరి ఒక పాలసీ కాగితము తెచ్చి మా చేతిలో పెట్టింది. సంవత్సరానికి 18,000 రూపాయల ప్రీమియం. రెండవ సంవత్సరపు ప్రీమియం కట్టవలసిన తేదీ దాటిపోయింది. "అయ్యగారూ, దీనిలో ఏమైనా వస్తుందా?" అని అడిగింది. మేము చదివి చూశాము. అది కొన్ని సంవత్సరాలకొకసారి కొంత డబ్బు తిరిగి ఇచ్చే పాలసీ. మనిషి మరణిస్తే రెండున్నర లక్షలు. మంచములో పడియుంటే ఏమీ లేదు. ఆ మాట చెప్పాము. ఆమె కొంచెముసేపు మౌనముగా ఉండి, "అంటే ఆయన పోతే డబ్బులొస్తాయి, బతికున్నందుకు ఏమీ రాదన్నమాట" అన్నది.

ఆ మాట మమ్మును బాధించుటకు ఇంకొక కారణమున్నది. ఆ పాలసీ అమ్మిన ఏజెంటును ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత సంఘానికి పరిచయము చేసినది మేమే. ఆయన మోసగాడు కాడు. ఆ పాలసీ అబద్ధపు పాలసీ కాదు. అయితే దేనికి డబ్బు వస్తుంది, దేనికి రాదు అని ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆ రోజు అడగవలసిన ప్రశ్నలను ఇప్పుడు ఈ పత్రిక ద్వారా మీ ముందుంచుతున్నాము.

బీమా అవిశ్వాసమా?

"దేవుడు చూసుకొంటాడు, మనకు ఇన్సూరెన్స్ ఎందుకు?" అని కొందరు పెద్దలు అడుగుతారు. ఆ విశ్వాసమును మేము తక్కువ చేయుట లేదు. కాని ఆదికాండము 41వ అధ్యాయములో యోసేపు ఏమి చేశాడు? ఏడు సమృద్ధి సంవత్సరాలలో పంటలో అయిదవ భాగము దాయించాడు. కరవు వస్తుందని దేవుడు ముందుగా తెలియజేసినందుకే దాయించాడు. సామెతల గ్రంథము చీమను చూచి నేర్చుకొమ్మంటుంది. తన ఇంటివారిని పోషించని విశ్వాసిని అపొస్తలుడైన పౌలు తిమోతికి వ్రాసిన మొదటి పత్రికలో ఎంత గట్టిగా మందలించాడో మనకు తెలుసు.

ఇంకొక సంగతి కూడ చాలామందికి తెలియదు. లెక్క ప్రకారము నడిచే బీమా నిధులలో మొదటివాటిలో ఒకటి పాదిరులు కట్టుకొన్నదే. స్కాట్లండు సంఘములో అలెగ్జాండర్ వెబ్‌స్టర్, రాబర్ట్ వాలెస్ అనే ఇద్దరు పాదిరులు తమ తోటి సేవకుల విధవరాండ్రు, అనాథలు పడుతున్న దీనస్థితి చూచి దుఃఖపడ్డారు. ప్రతి సంవత్సరము ఎంతమంది పాదిరులు చనిపోతున్నారు, వారికి ఎంతమంది భార్యలు, బిడ్డలు మిగులుతున్నారు అని వివరములు సేకరించారు. ఎడింబరో విశ్వవిద్యాలయములో గణిత ఆచార్యుడైన కోలిన్ మెక్లారిన్ ఆ లెక్కలను సరిచూచాడు. 1744 లో ఆ నిధి మొదలైనది. ప్రతి పాదిరి ఏటేటా చందా కట్టాలి, ఆయన మరణిస్తే భార్యకు ఏటేటా భత్యము వస్తుంది. వారు ప్రార్థన మానలేదు, లెక్కలూ మానలేదు. ఒకరి భారమును అందరు కలిసి మోసే పద్ధతిని ముందుగానే ఏర్పరచుకొన్నారు. బీమా యొక్క అసలు అర్థము అదే.

ముందు ఇంటిలో ఒక లెక్క

ఏజెంటును పిలువకముందు భార్యాభర్తలు ఒక సాయంకాలము కూర్చొని, పిల్లల నోటు పుస్తకములో ఒక పేజీ తీసుకొని ఈ నాలుగు సంగతులు వ్రాయండి.

మొదటిది, నెలకు ఇల్లు నడుచుటకు ఎంత కావాలి? బియ్యము, కూరలు, కరెంటు, స్కూలు ఫీజు, మందులు, అప్పు వాయిదాలు అన్నీ వేయండి. రెండవది, ఎవరి చేతి నుండి ఎంత వస్తుంది? భార్య కుట్టుపని, పాల డబ్బు, కూలి కూడ తప్పక వ్రాయండి. ఆమె మంచము పడితే ఆ ఆదాయము కూడ ఆగిపోతుంది. మూడవది, రేపటి నుండి పెద్ద సంపాదన ఆగిపోతే చేతిలో ఉన్న డబ్బుతో ఎన్ని వారాలు గడుస్తాయి? నాలుగవది, మొత్తము అప్పు ఎంత?

మేస్త్రీ సోదరుని ఇంట ఈ లెక్క తరువాత వేసి చూశాము. నెలకు ఆయన సంపాదన 17,600 రూపాయలు. ఇంటి ఖర్చు సుమారు 12,500. చేతిలో ఉన్నది 15,000, అనగా సుమారు అయిదు వారాలు. అప్పు 1,20,000. ఒకవేళ ఆ రోజు ఆయన మరణించియుంటే వచ్చే రెండున్నర లక్షలలో అప్పు తీరగా మిగిలేది 1,30,000. దానితో ఇల్లు నడిచేది పది నెలలు. ఏటా పద్దెనిమిది వేలు కట్టిన ఇంటికి దొరికిన భద్రత అంతే.

మూడు ఆపదలు, మూడు వేరువేరు సహాయములు

సంపాదించే మనిషికి మూడు విధములుగా ఆదాయము ఆగిపోతుంది. ఒకటి మరణము. రెండు, కాలో చెయ్యో కన్నో పోయి ఇక ఎప్పటికీ మునుపటి పని చేయలేకపోవుట. మూడు, ప్రమాదము వలననో రోగము వలననో కొన్ని నెలలు మంచము పట్టి తరువాత లేచుట.

ఆసుపత్రి ఖర్చు వేరు, ఆదాయము వేరు. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ, కేంద్ర ప్రభుత్వపు ఆయుష్మాన్ భారత్ వంటివి ప్రధానముగా వైద్యము కోసము ఏర్పడినవి. ఇంటికి వచ్చిన తరువాత నెలల తరబడి బియ్యము కొనిపెట్టుట వాటి పని కాదు. జీవిత బీమా మొదటి ఆపదకు జవాబు. ప్రమాద బీమా, ప్రమాదము వలన కలిగిన మరణానికి, శాశ్వత అంగవైకల్యానికి జవాబు. మూడవ ఆపదకు జవాబు చెప్పే పాలసీలు తక్కువ, వాటిని గూర్చి అడిగేవారు ఇంకా తక్కువ. బ్రిటన్, ఆస్ట్రేలియా వంటి దేశాలలో జబ్బుపడిన ఉద్యోగికి నెల నెలా జీతములో కొంత భాగము చెల్లించే పాలసీలు ప్రత్యేకముగా ఉన్నాయి. మన దేశములో కూలి చేసుకొనేవారికి అటువంటిది సులభముగా దొరకదు గనుక, ఉన్నవాటిని కలుపుకొని మనమే ఒక కంచె కట్టుకోవాలి.

మొదటి వరుస: ఇరవై రూపాయలు, నాలుగు వందల ముప్పై ఆరు రూపాయలు

బ్యాంకు లేక పోస్టాఫీసు పొదుపు ఖాతా ఉన్న ప్రతివారు ముందుగా రెండు ప్రభుత్వ పథకాలలో చేరాలి. ఈ రెండూ 2015 మే నెలలో ప్రారంభమయ్యాయి.

ప్రధానమంత్రి సురక్ష బీమా యోజన ప్రమాద బీమా. 18 నుండి 70 సంవత్సరాల వయస్సు వారు చేరవచ్చు. సంవత్సరానికి 20 రూపాయలు. ప్రమాదములో మరణిస్తే 2 లక్షలు. రెండు కళ్లు, రెండు చేతులు, రెండు కాళ్లు, లేక ఒక కన్నుతో పాటు ఒక చెయ్యి గాని కాలు గాని శాశ్వతముగా పోతే 2 లక్షలు. ఒక కన్ను, ఒక చెయ్యి లేక ఒక కాలు పోతే 1 లక్ష. ఎముక విరిగి మరల అతుక్కొంటే ఈ పథకములో ఏమీ రాదని గుర్తుంచుకోండి.

ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమా యోజన జీవిత బీమా. 18 నుండి 50 సంవత్సరాల లోపు చేరాలి, చేరినవారికి 55 వరకు కొనసాగుతుంది. సంవత్సరానికి 436 రూపాయలు. ఏ కారణము వలన మరణించినా 2 లక్షలు. అయితే క్రొత్తగా చేరిన మొదటి 30 రోజులలో ప్రమాదము వలన కాక వేరే కారణము వలన మరణిస్తే చెల్లించరు.

రెండింటికీ సంవత్సరము జూన్ 1 నుండి మే 31 వరకు. మే నెలాఖరులోగా ఖాతా నుండి డబ్బు తమంతట తామే తీసుకొంటారు. ఆ రోజులలో ఖాతాలో 456 రూపాయలు లేకపోతే భద్రత ఆగిపోతుంది. చాలా ఇండ్లలో జరుగుతున్న నష్టము ఇదే. ఒకసారి సంతకము చేశాము గదా అని ధైర్యముగా ఉంటారు, పాసుపుస్తకము వేయించి చూడరు. ఒక మనిషికి ఒక్క ఖాతా ద్వారానే చెల్లుతుంది, రెండు బ్యాంకులలో కట్టినా రెట్టింపు రాదు.

జన్ ధన్ ఖాతాతో వచ్చిన రూపే కార్డు మీద కూడ ప్రమాద బీమా ఉన్నది. 2018 ఆగస్టు 28 తరువాత తెరచిన ఖాతాలకు అది 2 లక్షలు. కాని ప్రమాదానికి ముందు 90 రోజులలో ఆ కార్డును కనీసము ఒక్కసారి వాడియుండాలి. పెట్టెలో దాచిన కార్డు మీద భద్రత ఉండదు.

మోటారు సైకిలు ఉన్నవారు ఇంకొకటి చూచుకోండి. వాహనము ఎవరి పేరున ఉన్నదో ఆయనకు 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉండాలని 2018 నుండి నియమము. ఇది మరణానికి, శాశ్వత అంగవైకల్యానికి వర్తిస్తుంది. నడిపేటప్పుడు చెల్లుబాటైన లైసెన్సు ఉండాలి. కొన్ని వందల రూపాయలు మిగుల్చుకొనుటకు ఈ భాగమును తీసివేయించి కాగితము తెచ్చుకొంటున్నవారు మన మధ్యనే ఉన్నారు.

తెలంగాణలో భూమి తన పేర పట్టా ఉన్న 18 నుండి 59 సంవత్సరాల రైతు కొరకు 2018 ఆగస్టులో రైతు బీమా పథకము వచ్చింది. ఏ కారణము వలన రైతు మరణించినా కుటుంబానికి 5 లక్షలు. ప్రీమియం రాష్ట్ర ప్రభుత్వమే చెల్లించే ఏర్పాటు. కాని పట్టా లేని కౌలు రైతుకు ఇది అందదు. కౌలుకు చేసే సోదరులు పై రెండు పథకాలను అసలు విడువకూడదు.

జీతము తీసుకొనేవారికి

పదిమంది లేక అంతకు మించి పనివారున్న ఫ్యాక్టరీలు, దుకాణాలు, ప్రైవేటు పాఠశాలలు, ఆసుపత్రులలో నెలకు 21,000 రూపాయల లోపు జీతమున్న వారికి ఈఎస్ఐ వర్తిస్తుంది. మన దేశములో పనివారి ఆదాయమును నిజముగా కాపాడే ఏర్పాటు ఇదే. 1952 ఫిబ్రవరిలో కాన్పూరు, ఢిల్లీలలో మొదలైనది. జీతములో నూటికి 75 పైసలు పనివాని భాగము, మూడు రూపాయల పావలా యజమాని భాగము. అనగా 12,000 జీతానికి పనివాడు 90 రూపాయలు, యజమాని 390 రూపాయలు కడతారు.

అర్హత ఉన్న ఉద్యోగి జబ్బుపడితే సంవత్సరములో 91 రోజుల వరకు జీతములో నూటికి 70 వంతులు వస్తాయి. క్షయ, క్యాన్సరు, పక్షవాతము వంటి కొన్ని దీర్ఘ రోగములకు నూటికి 80 వంతుల చొప్పున రెండు సంవత్సరాల వరకు ఉండవచ్చు. పనిలో గాయపడితే కోలుకొనే వరకు నూటికి 90 వంతులు.

మన పిల్లలనేకులు పట్టణాలలో మాల్సులో, ఆసుపత్రులలో, కంపెనీలలో పని చేస్తున్నారు. ఉద్యోగములో చేరేటప్పుడు "జీతమెంత?" అని అడిగినట్లే "ఈఎస్ఐ నంబరు ఇచ్చారా?" అని కూడ అడగమనండి. చేతికి తొంభై రూపాయలు ఎక్కువ వస్తాయని వద్దనుకొనుట జ్ఞానము కాదు.

ఈఎస్ఐ లేని చోట కూడ, కాంట్రాక్టరు క్రింద పని చేస్తూ గాయపడిన పనివానికి నష్టపరిహారము ఇవ్వవలసిన బాధ్యత 1923 నుండి మన చట్టములో ఉన్నది. తాపీ, కడ్డీ, పెయింటింగు పనివారు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసుకోవాలి. వయస్సు 18 నుండి 60 లోపు, గడచిన సంవత్సరములో కనీసము 90 రోజుల పని చేసియుండాలి. మా మేస్త్రీ సోదరుడు పదిహేను సంవత్సరాలు ఆ పని చేసి కూడ పేరు వ్రాయించుకోలేదు. వ్రాయించుకొమ్మని చెప్పినవారు లేరు.

ప్రైవేటుగా పాలసీ కొనేటప్పుడు

పై వరుస పూర్తి అయిన తరువాత చేతిలో కొంత డబ్బు మిగిలితే అప్పుడు కొనవలసినవి రెండు.

ఒకటి, టర్మ్ పాలసీ. బ్రతికియుంటే డబ్బు తిరిగి రాదు గనుక మనవారు దీనిని ఇష్టపడరు. కాని ఆ కారణము చేతనే తక్కువ ప్రీమియానికి పెద్ద మొత్తము భద్రత దొరుకుతుంది. సంవత్సర ఆదాయానికి పది రెట్లు భద్రత ఉండాలని పెద్దలు చెప్పే లెక్క. మా సోదరుని సంవత్సర ఆదాయము 2,11,200, ఆయనకు ఉండవలసినది సుమారు 21 లక్షలు, ఉన్నది రెండున్నర లక్షలు. చదువు, ఉద్యోగము వంటి షరతులు లేని సరళ్ జీవన్ బీమా అనే టర్మ్ పాలసీని 2021 జనవరి నుండి బీమా నియంత్రణ సంస్థ ప్రవేశపెట్టించింది. దానిలో మొదటి 45 రోజులు ప్రమాద మరణానికి మాత్రమే వర్తిస్తుంది.

రెండవది, వ్యక్తిగత ప్రమాద పాలసీ. ఇక్కడ ఒక్క ప్రశ్న మరువకండి: "గాయపడి పనికి వెళ్లలేని వారాలకు వారము వారము డబ్బు వస్తుందా? ఎంత? ఎన్ని వారాలు?" కొన్ని పాలసీలలో బీమా మొత్తములో నూటికి ఒకటి చొప్పున వారానికి ఇస్తారు, కొన్నిటిలో అంతకంటే చాలా తక్కువ, కొన్నిటిలో అసలు లేదు. మూడు లక్షల పాలసీలో నూటికి ఒకటి ఉంటే వారానికి 3,000. మా సోదరుని ఇంటి ఖర్చు వారానికి దాదాపు అంతే! ఆ ఒక్క వసతి ఉండియుంటే గేదె ఇంట ఉండేది. 2021 లో వచ్చిన సరళ్ సురక్ష బీమా అనే ప్రమాద పాలసీలో ఈ వారపు చెల్లింపును అదనముగా కోరుకొని తీసుకొనే వీలు పెట్టారు. అడిగితేనే చేరుస్తారు.

పొదుపు, బీమా రెండూ ఒకే పాలసీలో కలిసినవి చెడ్డవని మేమనము. పిల్లల పెండ్లికో చదువుకో ఉపయోగపడతాయి. గ్రామస్థుల కొరకు 1995 నుండి తపాలా శాఖ నడుపుతున్న గ్రామీణ తపాలా జీవిత బీమా కూడ ఆ కోవలోనిదే. అయితే వరుస ముఖ్యము. ముందు సంపాదించే మనిషికి భద్రత, తరువాత పొదుపు. మనము తలక్రిందులుగా చేస్తున్నాము.

ఫారము నింపేటప్పుడు అబద్ధము చెప్పకండి. షుగరు ఉన్నా, బి.పి. ఉన్నా, పొగాకు అలవాటున్నా వ్రాయించండి. "అది వ్రాస్తే ప్రీమియం పెరుగుతుంది, వదిలేయండి" అని ఎవరైనా అంటే ఆ మాట వినవద్దు. ఆనాడు దాచిన సంగతి రేపు విధవరాలి ముందు కాగితమై నిలుస్తుంది. ఖాళీ ఫారము మీద సంతకము చేయవద్దు. పాలసీ చేతికి వచ్చిన తరువాత 30 రోజులలోగా నచ్చకపోతే తిరిగి ఇచ్చివేయవచ్చు. కొంత ఖర్చు మినహాయించి డబ్బు తిరిగి ఇస్తారు. ఆ ముప్పై రోజులలో చదువుకొన్న పిల్లల చేత ప్రతి పేజీ చదివించుకోండి.

నామినీ పేరు వ్రాయించుటలో కూడ జాగ్రత్త. పెండ్లి కాకముందు తల్లి పేరు వ్రాయించి, తరువాత మార్చని పాలసీలు ఎన్నో. అప్పులున్న కుటుంబములైతే ఏజెంటును ఇంకొకటి అడగండి. 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టము క్రింద భార్యాబిడ్డల మేలు కొరకు పాలసీ తీసుకోవచ్చు. అప్పుడు ఆ డబ్బు భార్యాబిడ్డలకే చెందుతుంది, భర్త చేసిన అప్పుల వారు దానిని పట్టుకొనే అవకాశము సాధారణముగా ఉండదు. పాలసీ తీసుకొనేటప్పుడే దీనికి వేరే పత్రము నింపాలి.

ఆపద వచ్చిన రోజున

మా పొరుగు సంఘములో ఒక సోదరుడు పొలములో పాము కరచి మరణించాడు. దుఃఖములో కాగితాల సంగతి ఎవరికి గుర్తుంటుంది? కాని వెంట వెళ్లిన యౌవనస్థుడొకడు ఆసుపత్రి చీటీని భద్రపరచాడు. పాము కాటు, చెట్టు మీద నుండి పడుట వంటి ప్రమాదములకు వెంటనే చూపించిన ఆసుపత్రి కాగితము ఆధారమవుతుంది. ఇరవై రూపాయలు కట్టిన ఆ పాసుపుస్తకము వలన ఆ ఇంటికి 2 లక్షలు వచ్చాయి. నాటువైద్యుని యొద్దకు మాత్రమే తీసుకొనిపోయియుంటే ప్రాణము దక్కే అవకాశమూ పోయేది, ఆధారమూ ఉండేది కాదు.

రోడ్డు ప్రమాదమైతే పోలీసు రిపోర్టు, మరణమైతే పోస్టుమార్టము రిపోర్టు, మరణ ధృవీకరణ పత్రము దాచండి. బ్యాంకుకు వీలైనంత త్వరగా, ముప్పై రోజులలోగా తెలియజేయుట మంచిది. కంపెనీ న్యాయము చేయకపోతే ముందు కంపెనీకే వ్రాతపూర్వకముగా ఫిర్యాదు ఇవ్వండి. నెల రోజులలో సరియైన జవాబు రాకపోతే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు వ్రాయవచ్చు. దానికి ఫీజు లేదు, ప్లీడరు అక్కరలేదు. 155255 నంబరుకు ఫోను చేసి కూడ నియంత్రణ సంస్థకు ఫిర్యాదు చెప్పవచ్చు.

ప్రీమియం తప్పి ఆగిపోయిన సాధారణ జీవిత బీమా పాలసీని అయిదు సంవత్సరాలలోగా బాకీ కట్టి, కంపెనీ కోరిన ఆరోగ్య వివరములిచ్చి పునరుద్ధరించుకొనే వీలున్నది. ఆగిపోయినదని కాగితము పారవేయకండి.

సంఘము చేయగలిగినది

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయములో విధవరాండ్ర భోజన విషయమై సంఘము ఏడుగురిని ఏర్పరచుకొన్నది. ఆ పని వాక్యపరిచర్యకు తక్కువైనదని అపొస్తలులు అనుకోలేదు. పిడికెడు బియ్యము మంచిదే, దానిని మానకూడదు. కాని ఒక సంఘపు బియ్యము రెండు నెలలకు అయిపోయినట్లు మేము కన్నులార చూశాము.

అందుచేత మా సంఘములో ఒక క్రొత్త అలవాటు పెట్టుకొన్నాము. మే నెల మొదటి ఆదివారము ఆరాధన తరువాత ప్రతి కుటుంబము పాసుపుస్తకము తెస్తుంది. యౌవనస్థులు బల్ల వేసుకొని కూర్చొని, ఖాతాలో డబ్బు ఉన్నదా, నామినీ పేరు సరిగా ఉన్నదా చూచి చెబుతారు. 456 రూపాయలు లేని విధవరాండ్రకు సంఘపు నిధి నుండి ఇస్తాము. జూన్ మొదటి ఆదివారము మరల తెచ్చి డబ్బు తీసుకొన్నారో లేదో చూపిస్తారు. ఏ ఏజెంటునైనా ఆరాధన తరువాత మాట్లాడనివ్వకముందు సంఘ పెద్దలు పై ప్రశ్నలన్నీ అడుగుతారు. సువార్తికులు, పాదిరులమైన మాకు కూడ ఆ బల్ల దగ్గర మినహాయింపు లేదు. మొదటి సంవత్సరము మా పాసుపుస్తకములోనే నామినీగా చనిపోయిన మా తండ్రిగారి పేరు ఉన్నట్లు బయటపడింది!

మేస్త్రీ సోదరుడు ఎనిమిది నెలలకు కర్ర లేకుండ నడిచాడు. ఎత్తు ఎక్కే పని మాని నేల మీద రాతి పని చేస్తున్నాడు, కూలి కొంచెము తక్కువ. కుమార్తెను సంఘ స్త్రీలు కాలేజీ మాననివ్వలేదు, ఫీజు పంచుకొని కట్టారు. అయితే గేదె తిరిగి రాలేదు, అప్పు ఇంకా తీరలేదు. మే నెలలో ఆ బల్ల దగ్గర మొదట వచ్చి కూర్చొనేవాడు ఆయనే. పాసుపుస్తకము తేనివారిని ఇంటికి పంపి తెప్పిస్తాడు.

ప్రియ సహోదరులారా, ఈ పత్రిక క్రింద పెట్టకముందే మీ ఇంటి పాసుపుస్తకము తీసి చూడండి. ఈ రాత్రి భార్యాభర్తలు కలిసి ఆ నాలుగు సంగతులు వ్రాయండి, వ్రాసి ప్రార్థన చేయండి. మీ కష్టార్జితమును దీవించు దేవుడు, దానిని కాపాడుకొనే జ్ఞానమును కూడ మీ కుటుంబములకు అనుగ్రహించును గాక.